కర్నూలు నుంచి అండమాన్: స్నార్కెలింగ్‌కు ఒక్క రోజే ఉంది, ఏ దీవికి వెళ్లాలి?

తుంగభద్ర తీరం (కర్నూలు)

అందరికీ నమస్కారం. జనవరి చివర్లో అండమాన్ వెళ్తున్నాం. నేను, మా ఆయన, పదేళ్ల పాప, మా అత్తమ్మ. హైదరాబాద్ నుంచి విమానం టికెట్లు తీసేసుకున్నాం. సెల్యులార్ జైలు, హావ్‌లాక్ అన్నీ ప్లానులో ఉన్నాయి గానీ నా మనసంతా ఒక్కదాని మీదే ఉంది. నీళ్లలో తల పెట్టి పగడాల మధ్య చేపలు తిరగడం చూడాలి. దానికోసమని ఒక పూర్తి రోజు ఖాళీగా పెట్టుకున్నాం.

ట్రావెల్స్ వాళ్లు నార్త్ బే అంటున్నారు. మా కొలీగ్ ఎలిఫెంట్ బీచ్ అంటోంది. ఇంకొకాయన జాలీ బాయ్ తప్ప వేరేది వద్దన్నాడు. ఈ మూడింటికీ తేడా ఏంటి? మాలో ఈత వచ్చింది మా ఆయనకొక్కడికే, అదీ చిన్నప్పుడు ఊళ్లో బావిలో నేర్చుకున్నది. పాపకు కళ్లద్దాలున్నాయి. అత్తమ్మకు బీపీ, రోజూ మాత్ర వేసుకుంటుంది. ఆమె నీళ్లలోకి దిగదు, కానీ ఒడ్డున కూర్చోబెట్టి మేం వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. వీడియోలు చూసి చూసి ఏదీ తేలడం లేదు. వెళ్లొచ్చినవాళ్లు వివరంగా చెప్పండి.

కోనేటి గట్టు (అనంతపురం)

అక్కా, ఉద్యోగం మీద కొన్నేళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాను. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, హావ్‌లాక్‌ను 2018లోనే స్వరాజ్ ద్వీప్ చేశారు. బోర్డుల మీద కొత్త పేర్లు, జనం నోట్లో పాత పేర్లు ఉంటాయి, కంగారు పడకండి.

నార్త్ బే ఊరికి ఎదురుగానే ఉంటుంది. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, లైట్‌హౌస్ బొమ్మ ఉండేది కదా, అది ఈ నార్త్ బే. పడవ దిగగానే జెట్ స్కీ, సీ వాక్, స్కూబా అని చుట్టుముడతారు. రద్దీ ఎక్కువ. రాస్ ఐలాండ్‌తో కలిపి ఒకే రోజులో తిప్పుతారు కాబట్టి ట్రావెల్స్ వాళ్లకు అది సులువు. మీకు ప్రశాంతంగా చూసే టైమ్ దొరకదు.

ఎలిఫెంట్ బీచ్ హావ్‌లాక్‌లో ఉంది. జెట్టీ నుంచి చిన్న పడవలో వెళ్లాలి. పగడాలు ఒడ్డుకు దగ్గర్లోనే, తక్కువ లోతులో ఉంటాయి. ఎలాగూ హావ్‌లాక్ వెళ్తున్నారు కాబట్టి ఒక పూట అక్కడ పెట్టుకోవచ్చు. కానీ పూర్తి రోజు ఉంది అంటున్నారు చూడండి, దాన్ని మాత్రం జాలీ బాయ్‌కి ఇవ్వండి.

జాలీ బాయ్ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది. 1983లో ఏర్పాటు చేశారు. 15 దీవులు, మధ్యలో సముద్రం, అంతా కలిపి 281 చదరపు కిలోమీటర్ల పైనే. ఊరి నుంచి వండూర్ జెట్టీకి గంటసేపు రోడ్డు ప్రయాణం. అక్కడ పొద్దున్నే పడవ. అటవీ శాఖ పర్మిట్ ముందే తీసుకోవాలి, అందరి గుర్తింపు కార్డులూ ఉండాలి. సోమవారం పార్కు మూసేస్తారు, మీ తేదీ చూసుకోండి. ఏడాదంతా ఒకే దీవికి జనాన్ని పంపరు. చలికాలం, ఎండాకాలం జాలీ బాయ్ తెరుస్తారు. వానాకాలం దాన్ని మూసి రెడ్ స్కిన్ అనే ఇంకో దీవికి పంపుతారు. పగడాలు తేరుకోవడానికి ఇలా చేస్తారు. జనవరిలో మీకు జాలీ బాయ్ తెరిచే ఉంటుంది.

దీవి మీద అంగడి లేదు, హోటల్ లేదు. ప్లాస్టిక్ అస్సలు రానివ్వరు. నీళ్ల సీసాలు, బిస్కెట్ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు అన్నీ ఒడ్డునే ఆపేస్తారు. స్టీలు క్యారియర్, స్టీలు సీసాలు తీసుకెళ్లండి. మీ అత్తమ్మగారి సంగతికి వస్తే, అక్కడ అడుగున అద్దం బిగించిన పడవ ఉంటుంది. అందులో కూర్చుని తడవకుండా పగడాలు చూడొచ్చు.

ధర్మవరం మగ్గం (అనంతపురం)

అండమాన్ ఖర్చు అందరూ పెట్టలేరు కదా, అందుకే ఇది రాస్తున్నా. మన అనంతపురం వైపు వాళ్లకు నేత్రాణి ఉంది. కర్ణాటకలో మురుడేశ్వర్ ఒడ్డు నుంచి దాదాపు 19 కి.మీ. సముద్రంలోకి వెళ్తే చిన్న దీవి, పైనుంచి చూస్తే గుండె ఆకారంలో ఉంటుంది. మేం ఫ్రెండ్స్ అంతా కారేసుకుని రాత్రి బయలుదేరి, పొద్దున దర్శనం చేసుకుని, మరుసటి రోజు పడవ ఎక్కాం. నీళ్లు బాగున్న రోజున అడుగు దాకా కనిపిస్తుంది. గుంపులు గుంపులుగా చేపలు. వానాకాలం పడవలు ఆపేస్తారు, మిగతా నెలల్లో నడుస్తాయి.

కోనేటి గట్టు (అనంతపురం)

తమ్ముడూ, నేత్రాణి మంచి చోటే. కానీ అక్క వాళ్ల ఇంటిల్లిపాదికీ సరిపడదు. అక్కడ ఒడ్డు నుంచి నడిచి నీళ్లలోకి దిగేది ఉండదు, పడవ మీంచే లోతు నీళ్లలోకి దిగాలి. నీటికి అలవాటు పడినవాళ్లకు అది పండగే. మొదటిసారి మాస్కు పెట్టుకుంటున్న పదేళ్ల పిల్లకు మాత్రం కాళ్ల కింద ఇసుక తగిలే చోటు కావాలి. జాలీ బాయ్‌లో నడుం లోతు నీళ్లలో నిలబడి అలవాటు చేసుకుని, అప్పుడు మెల్లగా ముందుకు పోవచ్చు.

ఆదోని పత్తి (ఆదోని)

అక్కా, నాకు ఈత రాదు. అయినా పోయిన ఏడాది చూసొచ్చాను. మీరు అడగని సంగతులు కొన్ని చెప్తాను, ఇవి మగవాళ్లు చెప్పరు.

ముందు బట్టలు. చున్నీ, చుడీదార్ వద్దే వద్దు. కాటన్ తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. మోకాళ్ల కిందికి ఉండే లెగ్గింగ్, పొడుగు చేతుల స్విమ్మింగ్ టాప్ వేసుకోండి. ఒళ్లంతా కప్పినట్టూ ఉంటుంది, ఎండా తగలదు. స్నార్కెలింగ్‌లో బోర్లా పడుకునే ఉంటాం కాబట్టి వీపు, పిక్కల వెనక భాగం మాడిపోతాయి. నీళ్లలో చల్లగా ఉంటుంది, కాలుతున్న సంగతే తెలియదు. జుట్టు గట్టిగా జడ వేసుకోండి. మాస్కు అంచు కింద నాలుగు వెంట్రుకలు ఇరుక్కుంటే చాలు, నీళ్లు కారుతూనే ఉంటాయి. మెడలో గొలుసులు, కమ్మలు రూములోనే పెట్టేయండి.

రెండోది భయం. లైఫ్ జాకెట్ వేస్తారు, చేతికి గాలి ట్యూబ్ ఇస్తారు, గైడ్ దాన్ని పట్టుకుని లాక్కెళ్తాడు. మునగడం అన్న మాటే లేదు. అయినా ముఖం నీళ్లలో పెట్టగానే గుండె దడదడలాడింది. ముక్కు మూసుకుపోయి నోటితోనే గాలి పీల్చాలంటే ఒళ్లు ఒప్పుకోదు. నేను చేసింది చెప్తాను. వెళ్లడానికి ముందు మాస్కు, గొట్టం కొనుక్కుని ఇంట్లో పెద్ద టబ్‌లో నీళ్లు పట్టి, బోర్లా వంగి ముఖం ముంచి గాలి పీల్చడం ప్రాక్టీస్ చేశాను. పీల్చడం కాదు ముఖ్యం, మెల్లగా, పూర్తిగా వదలడం. వదలడం అలవాటైతే టెన్షన్ అదే తగ్గుతుంది. పాపతో కూడా ఇప్పటి నుంచే చేయించండి, ఆటగా చేస్తుంది.

పెన్నా ఇసుక (జమ్మలమడుగు)

మాకు చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టి బావిలోకి తోసి ఈత నేర్పించారు. గట్టు మీంచి దూకి అడుగున మట్టి తెచ్చి చూపించేవాళ్లం. అలాంటివాళ్లకు కూడా లైఫ్ జాకెట్ తప్పనిసరా? జాకెట్ వేసుకుంటే కిందికి మునగలేం కదా. పగడాలు దగ్గరగా చూడాలంటే మునగాలి. ఇంకో సందేహం, నాకు పెద్ద మీసం ఉంది. మాస్కులోకి నీళ్లు వస్తాయి అంటున్నారు, నిజమేనా? తీయాల్సిందేనా?

ప్రొద్దుటూరు డాక్టరు (ప్రొద్దుటూరు)

పై ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఇది ప్రాణం మీది సంగతి.

బావిలో మునక పందేలు వేసేటప్పుడు మనవాళ్లు ఒక పని చేస్తారు. గబగబా గాలి పీల్చి వదిలి, పీల్చి వదిలి, ఆ తర్వాత మునుగుతారు. ఎక్కువసేపు ఉండొచ్చని నమ్మకం. ఉండగలరు కూడా. కానీ కారణం వేరే. మనకు ‘ఊపిరి తీసుకోవాలి’ అనిపించేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. అలా గబగబా వదిలితే కార్బన్ డయాక్సైడ్ ముందే పడిపోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. దాంతో హెచ్చరిక రావాల్సిన టైమ్‌కు రాదు. ఆక్సిజన్ అయిపోయి నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. గిలగిలా కొట్టుకోవడం కూడా ఉండదు, పక్కన ఉన్నవాడికి తెలియదు. బాగా ఈత వచ్చినవాళ్లే ఇలా పోతుంటారు. దయచేసి సముద్రంలో గానీ బావిలో గానీ ఆ పని చేయొద్దు.

చెవుల సంగతి కూడా ఉంది. నీటి పైనే తేలుతుంటే చెవులకు ఏ ఒత్తిడీ ఉండదు. రెండు మూడు మీటర్లు దిగినా నొప్పి మొదలవుతుంది. జలుబు ఉంటే అసలు దిగకూడదు. గొట్టం ఎందుకు అంత పొట్టిగా ఉంటుందో కూడా చెప్తాను. నీటి ఒత్తిడి ఛాతీని బిగిస్తుంది. పొడుగు గొట్టం పెట్టుకుని లోతుకు వెళ్తే పైనున్న గాలిని లోపలికి లాగే బలం మన ఛాతీకి ఉండదు. పైగా మనం వదిలిన గాలే గొట్టంలో మిగిలి మళ్లీ లోపలికి వస్తుంది.

తుంగభద్ర తీరం మేడమ్, మీ అత్తగారి బీపీ కంట్రోల్లో ఉంటే పడవ ప్రయాణానికి అడ్డం లేదు. మాత్ర ఏ రోజూ మానకూడదు. వెళ్లే ముందు ఆమెను చూసే డాక్టరుకు ఒకసారి చెప్పండి. పడవలో వాంతులు అయ్యేవాళ్లకు అవోమిన్ లాంటి మాత్ర బయలుదేరడానికి ముందే వేయాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేస్తే లాభం ఉండదు. దాంతో నిద్ర వస్తుంది, కాబట్టి నీళ్లలో దిగేవాళ్లు అడక్కుండా వేసుకోకండి. పిల్లలకు డోసు వేరు, పాపకు మీ డాక్టరును అడిగే ఇవ్వండి. ఆస్తమా, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు మాత్రం స్నార్కెలింగ్‌కు ముందు తప్పకుండా సలహా తీసుకోవాలి.

కోనేటి గట్టు (అనంతపురం)

డాక్టరు గారు చెప్పింది అందరూ రెండోసారి చదవండి.

జమ్మలమడుగు అన్నా, మన బావి ఈతగాళ్లను అక్కడ చాలామందిని చూశాను. బావిలో మనం కాళ్లూ చేతులూ కొట్టి తేలుతాం. సముద్రంలో ఆ అవసరమే లేదు. లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, మంచినీళ్ల కంటే అదే మనిషిని ఎక్కువ తేలుస్తుంది. కాళ్లు కొట్టేకొద్దీ ఇసుక లేచి నీళ్లు మసకబారతాయి, చేపలు పారిపోతాయి, మీ ఆయాసం పెరుగుతుంది. కదలకుండా పడుకున్నవాడికే అన్నీ కనిపిస్తాయి. కాసేపటికి చేపలు మీ దగ్గరికే వస్తాయి. ఈత బాగా వచ్చినవాళ్ల కంటే ఏమీ రాని పిల్లలు తొందరగా నేర్చుకోవడం నేను కళ్లారా చూశాను. జాకెట్ అక్కడ తప్పనిసరి, వేసుకోండి. మునగక్కర్లేదు. జాలీ బాయ్‌లో పగడాలు పైనుంచే స్పష్టంగా కనిపిస్తాయి.

మీసం సంగతి నిజమే. మాస్కు అంచు పై పెదవి మీద ఆనుకోవాలి, మీసం ఉంటే అక్కడి నుంచి నీళ్లు లోపలికి వస్తాయి. మొత్తం తీయక్కర్లేదు. ముక్కు కింద సన్నగా ఒక గీత మేర గొరిగితే చాలు, మిగతా మీసం అలాగే ఉంచుకోవచ్చు. అదీ ఇష్టం లేకపోతే అంచుకు సిలికాన్ గ్రీజు రాసుకోండి. వ్యాజిలిన్ రాస్తారు గానీ రబ్బరు అంచు ఉన్న మాస్కు దానివల్ల పాడవుతుంది.

తుంగభద్ర తీరం (కర్నూలు)

ఇన్ని విషయాలు చెప్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. మా ఆయన డాక్టరు గారి పోస్టు చదివి చాలాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడు వాళ్లు అచ్చం అలాగే పందేలు వేసేవాళ్లట.

ఇంకా కొన్ని సందేహాలు. పాపకు మైనస్ రెండున్నర పవర్ ఉంది, మాస్కు లోపల కళ్లద్దాలు పెట్టుకోవచ్చా? అత్తమ్మ మొసళ్ల గురించి ఎక్కడో విని భయపడుతోంది. చేపలకు బ్రెడ్ వేస్తే దగ్గరికి వస్తాయట, తీసుకెళ్లనా? ఇంకొకటి, ఇసుకలో రాలిపోయి ఉన్న పగడపు ముక్కలు, గవ్వలు పాప కోసం రెండు తెచ్చుకోవచ్చా?

గండికోట లోయ (కడప)

అమ్మా, నేను కాలేజీలో జియాలజీ చెప్తాను. చివరి ప్రశ్నకు జవాబు ఒక్కటే. వద్దు, రాలిపోయినవి కూడా వద్దు. పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఎంత రక్షణ ఉందో వాటికీ అంతే. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో బ్యాగులు చూస్తారు, చచ్చిన ముక్క దొరికినా కేసే. బజారులో అమ్మే గవ్వలు కొన్నా బిల్లు ఉంచుకోవాలి. కొన్ని రకాల గవ్వలు అసలు అమ్మకూడదు. మీకు గొలుసులో వేసుకునే ఎర్ర పగడం గుర్తొస్తుందేమో. అది వేరే జాతి, మధ్యధరా సముద్రం లాంటి చోట్ల లోతు నీళ్లలో దొరుకుతుంది. జాలీ బాయ్‌లో మీరు చూడబోయేది నగలకు పనికొచ్చే పగడం కాదు.

మీరు చూడబోయేది ఏమిటో కాస్త చెప్తాను, తెలిసి చూస్తే వేరుగా ఉంటుంది. పగడపు దిబ్బ రాయి కాదు, చెట్టూ కాదు. పాలిప్ అనే బుల్లి జంతువులు వేలకొద్దీ కలిసి బతికే ఊరు. అవి సముద్రపు నీటిలోంచి సున్నాన్ని తీసి తమ కింద గూడు కట్టుకుంటాయి. ప్రాణం ఉండేది పైపొరలోనే, గోడకు సున్నం పూత ఉన్నంత మందమే. అందుకే ఒక్క కాలు మోపితే ఆ చోటు చచ్చిపోతుంది. గుండ్రటి బండలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. మీ నడుమంత ఎత్తున్న పగడం కనిపిస్తే, అది పెరగడం మొదలుపెట్టినప్పుడు మీ ముత్తాతలు చిన్నపిల్లలై ఉంటారు.

పాలిప్ ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు, అంటే నాచు లాంటివి, కాపురం ఉంటాయి. ఎండతో ఆహారం తయారుచేసి దానికి పెట్టేది అవే, రంగు కూడా చాలావరకు వాటిదే. నీరు మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే పాలిప్‌లు వాటిని బయటికి నెట్టేస్తాయి. అప్పుడు పగడం తెల్లగా పాలిపోతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. 2010లో దెబ్బ చాలా గట్టిగా తగిలింది. కాబట్టి మీకు అక్కడక్కడా బూడిద రంగులో చచ్చిన పగడాలు కనిపిస్తాయి. నిరాశ పడకండి. వాటి మీదే కొత్త పిలకలు వేలెడంత పెరిగి ఉంటాయి, పాపకు వాటిని చూపించండి.

మనకూ దీనికీ ఒక సంబంధం ఉంది. మన ఇళ్లలో పరిచిన నల్ల కడప బండ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. బెలుం గుహలు తొలిచింది కూడా అలాంటి సున్నపురాయిలోనే. వేంపల్లె వైపు రాళ్లలో పొరలు పొరలుగా, ఉబ్బెత్తుగా కనిపించే ఆకారాలను స్ట్రోమటోలైట్లు అంటారు. లోతులేని, ఎండ తగిలే సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొర పేర్చి కట్టినవి. దాదాపు 190 కోట్ల ఏళ్లనాటివి. అప్పటికి పగడాలు పుట్టనే లేదు. వానకు మొహం వాచిన మన సీమ ఒకప్పుడు అలాంటి సముద్రమే అని పిల్లలకు చెప్పి, రాయి చేతిలో పెట్టి చూపిస్తుంటాను. వెళ్లే ముందు మీ పాపకు కూడా ఒకసారి చూపించండి.

కోనేటి గట్టు (అనంతపురం)

సార్ చెప్పిన తర్వాత మిగిలినవి నేను చెప్తా.

బ్రెడ్ వద్దు. చేపలు దగ్గరికి వస్తాయి, నిజమే. కానీ వాటి పని పగడాల మీద నాచు గొరుక్కుని తినడం. బ్రెడ్డుకు అలవాటు పడితే ఆ పని మానేస్తాయి, నాచు పెరిగి పగడాన్ని కప్పేస్తుంది. కొందరు గైడ్లే వేస్తుంటారు, వద్దని చెప్పండి.

మొసళ్లు ఉన్నాయి, దాచడం ఎందుకు. అండమాన్ మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. వండూర్ బీచ్‌లో హెచ్చరిక బోర్డులు పెట్టి, వల కట్టారు. వాళ్లు చూపించిన చోటే దిగండి, మడ అడవుల కాలువల దగ్గరికి పోవద్దు, చీకటిపడే వేళ నీళ్లలో ఉండొద్దు. అక్కడ పొద్దు తొందరగా గుంకుతుంది, జనవరిలో ఐదున్నరకల్లా చీకటి. అందుకే పడవలు కూడా పొద్దున్నే బయలుదేరతాయి.

కళ్లద్దాలు మాస్కులో పట్టవు, కాడలు అడ్డం వచ్చి నీళ్లు కారతాయి. పవర్ మాస్కులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మైనస్ రెండున్నర మామూలుగా దొరికే సైజే. ఒకవేళ దొరక్కపోయినా ఫరవాలేదు. నీళ్లలో వస్తువులు పావు వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి, ఆ పవర్‌కు చాలావరకు చూడొచ్చు. మాస్కు కొనేటప్పుడు పట్టీ పెట్టుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగి చూడాలి. చెయ్యి తీసినా అతుక్కుని ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. ముఖమంతా కప్పే రకం వద్దు, నీళ్లు లోపలికొస్తే చటుక్కున తీయడం కష్టం. అద్దం మసకబారకుండా ఒక చుక్క బేబీ షాంపూ రుద్ది కడగండి.

సన్‌స్క్రీన్ తక్కువ రాయండి. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్నవి పగడాలకు చెడు చేస్తాయని పసిఫిక్ సముద్రంలోని పలావు దేశం 2020లో, థాయ్‌లాండ్ తన మెరైన్ పార్కుల్లో 2021లో నిషేధించాయి. పొడుగు చేతుల బట్టలుంటే ముఖానికి జింక్ ఆక్సైడ్ రకం కొంచెం సరిపోతుంది.

పోటు వేళలు కూడా చూసుకోండి. బాగా ఆటు మీద ఉన్నప్పుడు పగడాల మీద నీళ్లు మోకాలి లోతుకు తగ్గిపోతాయి, బోర్లా పడుకుంటే పొట్ట గీసుకుంటుంది, పగడమూ విరుగుతుంది. పడవ టైమ్ మన చేతిలో ఉండదు గానీ, దీవి మీదికి చేరాక ముందు ఎటు దిగాలో, ఎప్పుడు దిగాలో గైడ్‌ను అడగండి.

ఆదోని పత్తి (ఆదోని)

తిండి సంగతి మర్చిపోయారు అందరూ. చిత్రాన్నం చేయించుకోండి, మధ్యాహ్నం దాకా చెడిపోదు. పెరుగన్నం ఆ ఉక్కపోతకు పులిసిపోతుంది. అక్కడ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు. హోటల్లో తెలుగులో అడిగితే పొద్దున్నే కట్టిస్తారు.

తుంగభద్ర తీరం (కర్నూలు)

వెళ్లొచ్చాం! అడిగినప్పుడు ఇంతమంది చెప్పారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

వండూర్ దారిలో సిప్పీఘాట్ దగ్గర డ్రైవరు కారు ఆపాడు. రోడ్డు పక్కన నీళ్లు నిలిచి, మధ్యలో ఎండిపోయిన చెట్ల మోళ్లు. 2004 డిసెంబరు 26 దాకా అవన్నీ వరి పొలాలట. ఆ భూకంపానికి ఈ వైపు నేల కుంగిపోయి సముద్రం లోపలికి వచ్చింది. అత్తమ్మ కారు దిగి చాలాసేపు చూసింది. ‘పంట పొలాలు’ అని మాత్రం అంది.

జెట్టీలో బ్యాగులన్నీ తెరిచి చూశారు. పాప జేబులో ఒక చాక్లెట్ కాగితం దొరికితే అదీ తీసుకున్నారు. చాలా గట్టిగా చూస్తున్నారు, నాకు సంతోషం వేసింది. దీవికి జెట్టీ లేదు. పెద్ద పడవ దూరంగా ఆగితే అద్దం పడవలోకి మారి ఒడ్డుకు చేరాం. అప్పుడే అత్తమ్మ మొదటిసారి పగడాలు చూసింది. అద్దం మీదికి వంగి, చేప కనిపించినప్పుడల్లా నా భుజం తట్టింది. మధ్యాహ్నం రెండోసారి కూడా అద్దం పడవలో వెళ్తానంది, టికెట్టు కొనిచ్చాం.

పాప టబ్‌లో ప్రాక్టీస్ చేసింది కాబట్టి నీళ్లలో దిగిన కాసేపటికే కుదురుకుంది. మా ఆయన మాత్రం మొదట బావిలో కొట్టినట్టే కాళ్లు కొట్టాడు. ఇసుక లేచింది, ఏమీ కనిపించలేదు. కోనేటి గట్టు అన్న రాసింది గుర్తు చేశాను. చేతులు చాపి ఊరికే పడుకున్నాడు. అంతే.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయేది ఒక చప్పుడు. నీళ్లలో చెవులు పెట్టగానే కటుక్ కటుక్ అని వినిపించింది. ఏంటా అని చూస్తే చిలక చేప. నీలం, పచ్చ, గులాబీ కలిసిన ఒళ్లు, చిలక ముక్కు లాంటి నోరు. పగడాన్ని కొరికి నములుతోంది. కాస్త ముందుకు వెళ్లి వెనక నుంచి తెల్లటి పొడి వదిలింది. గైడ్ ఒడ్డుకు వచ్చాక చెప్పాడు, అది ఇసుకట. కొరికిన సున్నమంతా ఇసుకై బయటికి వస్తుంది, ఒక పెద్ద చేప ఏడాదికి పదుల కిలోల ఇసుక చేస్తుంది. మేం కూర్చుని చిత్రాన్నం తింటున్న ఆ తెల్లటి ఇసుకలో చాలా భాగం అలా వచ్చిందే.

పాప క్లౌన్ ఫిష్‌ను కనిపెట్టింది. తీగల్లాంటి చేతులు ఊపుతున్న ఎనిమోన్ అనే సముద్ర జీవి మధ్య దాక్కుని, మేం దగ్గరికి వెళ్తే ముందుకొచ్చి మమ్మల్నే బెదిరించింది. వేలెడు లేదు! ఒక పెద్ద ఆల్చిప్ప కూడా చూశాం. అంచు నీలంగా మెరుస్తోంది. మా నీడ మీద పడగానే చటుక్కున మూసుకుంది. సార్ చెప్పిన చచ్చిన పగడాలు చాలానే ఉన్నాయి, నిజం చెప్పాలంటే మనసు చివుక్కుమంది. వాటి మీద ఊదారంగు అంచులతో కొత్త కొమ్మలు కూడా కనిపించాయి, పాప వేలు చూపించి లెక్కపెట్టింది.

ఒక్క విషయం బాధ పెట్టింది. వేరే రోజు ఇంకో దీవిలో ఒక గైడ్ ఫోటో కోసం టూరిస్టులను పగడం మీద నిలబెడుతున్నాడు. మమ్మల్నీ నిలబడమన్నాడు. మేం నిలబడలేదు. పగడానికి ప్రాణం ఉందని పాప హిందీలో చెప్పింది. అతను నవ్వి ఊరుకున్నాడు, పక్కనున్న ఒక తమిళ కుటుంబం మాత్రం వెంటనే దిగిపోయింది. అక్కడికి వెళ్లేవాళ్లు అందరూ వద్దని నోరు తెరిచి చెప్పండి, వినేవాళ్లు ఉంటారు.

గండికోట లోయ (కడప)

పాపకు నా ఆశీస్సులు. వేసవి సెలవుల్లో కడప వైపు వస్తే వేంపల్లె రాళ్ల దగ్గరికి నేనే తీసుకెళ్తాను, మీ కుటుంబమంతా రండి.

పెన్నా ఇసుక (జమ్మలమడుగు)

అక్కా, మీ ఆయన మీసం సంగతి రాయలేదు. నేను మార్చిలో వెళ్తున్నా.

తుంగభద్ర తీరం (కర్నూలు)

ముక్కు కింద సన్నగా గొరిగాడు తమ్ముడూ, దూరానికి తెలియనే తెలియదు. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. అక్కడ అద్దెకిచ్చే మాస్కులు పాతబడి అంచులు గట్టిపడ్డాయి, నీ మాస్కు నువ్వే కొనుక్కుని పో.

హిందూపురం చింత (హిందూపురం)

చాలా ఉపయోగపడే చర్చ. మా పిల్లల పరీక్షలు అయ్యేసరికి ఏప్రిల్ చివరవుతుంది. అప్పుడు వెళ్తే జాలీ బాయ్ తెరిచి ఉంటుందా? మాకు బెంగళూరు ఎయిర్‌పోర్టు దగ్గర.

కోనేటి గట్టు (అనంతపురం)

ఏప్రిల్‌లో తెరిచే ఉంటుంది, సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుంది. ఎండ మాత్రం మండుతుంది, పొడుగు చేతుల బట్టలు మర్చిపోకండి. మే మధ్యకు వచ్చేసరికి వానలు మొదలై దీవి మార్చేస్తారు, కాబట్టి మే మొదటి వారం దాటనివ్వకండి. మీరు దేవనహళ్లి నుంచి విమానం ఎక్కొచ్చు. టికెట్ తీసేముందు అక్కడ మీరు జాలీ బాయ్‌కి పెట్టుకున్న రోజు సోమవారం పడలేదని చూసుకోండి, పర్మిట్ కోసం ఒక రోజు ముందుగానే ఊళ్లో ఉండేలా ప్లాన్ చేసుకోండి.